పళ్ళపొడి వారి కోడలు

మా ఇంట్లో ఎవరూ లోపల పళ్ళు తోముకోరు. వీధిలో తోముకుంటాం. వినడానికి వింతగా ఉండొచ్చుగానీ మా వ్యాపారమే అది. పొద్దున్నే మామగారు కొట్టు షట్టరు ఎత్తగానే ఇంటిల్లిపాదీ ముందున్న మెట్ల మీద వరసగా నిలబడాలి. పై మెట్టు మీద మామగారు, అత్తగారు. కింది మెట్టు మీద మావారు, నేను. తలా ఒక చిటికెడు ఎర్రపొడి అరచేతిలో వేసుకుని, దారిన పోయేవాళ్ళకి వినబడేలా చూపుడువేలితో గరగరా రుద్దాలి. రుద్ది, పక్క కాలువలో ఎర్రగా ఉమ్మి, నీళ్ళతో పుక్కిలించి, వీధికేసి ఒకసారి నవ్వాలి. అప్పుడుగానీ కొట్టు తెరిచినట్టు కాదు.

ఈ పద్ధతి పెట్టింది మామగారి నాన్నగారు. అమ్మేవాడు తన సరుకు తాను వాడుతున్నాడా లేదా అన్నదే జనం చూస్తారని అనేవారట. ఆయనకేం, అనేసి వెళ్ళిపోయారు. చలిలోనూ వానలోనూ నిలబడాల్సింది మేం. జ్వరమొచ్చినా, ఇంట్లో అలకలున్నా, ముందు రోజు నేనూ మావారూ తిట్టుకుని మొహాలు చూసుకోకపోయినా, మెట్టెక్కి పక్కపక్కన నిలబడి నవ్వాల్సిందే. కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూడా నేను ఆ మెట్టు మీద నుంచే బండెక్కాను. నోట్లో ఇంకా ఇసుకలా పొడి తగులుతూనే ఉంది.

అసలు నన్నీ ఇంటికి తెచ్చింది నా పళ్ళే. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు అమ్మాయి చదువడుగుతారు, మాట తీరు చూస్తారు. మామగారు మాత్రం "ఏదీ, ఒకసారి నవ్వమ్మా" అన్నారు. నవ్వాను. "ఇంకాస్త" అన్నారు. గుర్రాన్ని కొనడానికి వచ్చినవాడిలా ముందుకు వంగి చూశారు. ఇక మిగతా మాటలన్నీ చకచకా అయిపోయాయి. పెళ్ళైన కొద్దిరోజులకే ఆ నవ్వు పాకెట్ల మీదికెక్కింది. ఇప్పుడు ఊళ్ళో ఏ కొట్టుకు వెళ్ళినా సబ్బుల పక్కన, అగ్గిపెట్టెల పైన, దండలా గుచ్చిన పాకెట్ల మీద నేను పళ్ళికిలిస్తూ వేలాడుతుంటాను.

నా నోరు పాడవడం ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. మొదట నోట్లో తుప్పు రుచి తగిలేది. ఉమ్మితే ఎర్రగా ఉండేది కానీ పొడే ఎరుపు కదా, ఎవరికి అనుమానమొస్తుంది? ఒక మధ్యాహ్నం యాపిల్ కొరికాను. తెల్లటి గుజ్జు మీద ఎర్రగా ఒక గీత పడింది. పొడి లేని వేళ ఆ ఎరుపు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

మావారికి చూపించాను. ఆయన ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం పెట్టుకుని ఉంటారు. దాన్ని అటు నుంచి ఇటు మార్చుకుని, "చిగురు మెత్తబడిందన్నమాట. ఇంకాస్త గట్టిగా రుద్దు, అదే గట్టిపడుతుంది" అన్నారు. అది వాళ్ళ నాన్న మాట. మావారి దగ్గర సొంత మాటలు తక్కువ.

గట్టిగా రుద్దాను. రక్తం ఎక్కువైంది. భయమేసి, ఒక పక్కన వేలు పెట్టడమే మానేశాను. అక్కడ చిగురు ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి. ఇంకో పక్క చిగురు కిందికి జారి, పంటి మొదలు పసుపుపచ్చగా బయటపడింది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమని నెత్తికెక్కేది. చివరికి ఒకరోజు కింది వరసలో ముందు పన్ను నాలుకకి తగిలి కదిలింది. తోస్తే ముందుకు వాలి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. పళ్ళపొడి వారి కోడలు పళ్ళ డాక్టరు మెట్లెక్కడం అంటే ఏమిటో మీకు తెలియదు. మా వీధి చివర ఒక మేడ మీద పళ్ళ ఆసుపత్రి, దాని పక్క గదిలో దర్జీ ఉన్నాడు. ఒకసారి మామగారు చొక్కా కొలతలివ్వడానికి ఆ మేడెక్కారు. దిగి వచ్చేసరికి మా ఎదురు కొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన, "ఏంటి బాబాయ్, పన్ను పీకించుకొచ్చావా?" అని వీధంతా వినబడేలా అడిగాడు. ఆయన నవ్వులాటకే అన్నాడు. మామగారికి మాత్రం తల తీసేసినట్టైంది. ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఆ దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకోలేదు. ఊరవతల ఇంకొకడున్నాడు, వాడేం కుట్టినా వదులే. ఇంటిల్లిపాదీ వదులు బట్టల్లో, వదులు పళ్ళతో తిరుగుతున్నాం.

మామగారు మోసగాడైతే నాకింత కష్టం లేకపోయేది. నాలుగు మాటలు అనేసి బయటపడేదాన్ని. ఆయన ఆ పొడిని మనసారా నమ్ముతారు. సుద్ద, ఉప్పు, కాల్చి దంచిన ఆల్చిప్పలు, ఎరుపుకి కావిరాయి. వెనక గదిలో మర తిప్పించి, నా చేత జల్లించి, పొడిలో చెమ్మ తగిలిందంటే బస్తా మొత్తం పారబోస్తారు. జల్లెడలో మిగిలిన రవ్వని మాత్రం మళ్ళీ కలిపేస్తారు. ఒకసారి నేను ఆ రవ్వ కలపకుండా పక్కన పెడితే, "ఇదేమన్నా మొహానికి రాసుకునే పౌడరా అమ్మా? గరగర లేకపోతే మురికి ఎలా పోతుంది?" అని నవ్వారు. ఆయన పళ్ళు అరిగి పొట్టివైపోయాయిగానీ ఒక్కటి కదల్లేదు. ఇప్పటికీ బాదంకాయలు పళ్ళతోనే పగలగొడతారు. తన నోరే ఆయనకి సాక్ష్యం. ఇంకొకరి నోరు వేరుగా ఉండొచ్చన్న ఊహే ఆయనకి రాదు.

ఇంతలో నా కూతురి పళ్ళు వచ్చాయి. దాన్ని మేమంతా పిచ్చుక అంటాం, క్షణం ఒకచోట నిలవదు కాబట్టి. పాలపళ్ళు ఊడి, పైన ముందు పళ్ళు రెండూ కొత్తగా, అంచులు రంపంలా గీతలు గీతలుగా దిగాయి. మామగారు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టుకుని చూసి మురిసిపోయారు.

"కొట్టు పెట్టిన రోజు వస్తోంది కదా, ఆ రోజు మా పిచ్చుక మెట్టెక్కుతుంది. కొత్త పాకెట్టు మీద తల్లీ కూతుళ్ళిద్దరి బొమ్మా వేయిద్దాం" అన్నారు.

పిచ్చుక ఎగిరి గంతేసింది. మెట్టెక్కడం అంటే దాని దృష్టిలో పెద్దదైపోవడం. ఆ మధ్యాహ్నమే నాకు తెలియకుండా పొడి తీసుకుని అద్దం ముందు నిలబడింది. కాసేపటికి కళ్ళనిండా నీళ్ళతో నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది మండుతోందే. నీకు మండదా?" అంది.

ఏం చెప్పను? "కడిగెయ్, కడిగెయ్" అని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాను. నా పన్ను ఊగినప్పుడు పడిన భయం ఒకెత్తు, ఆ రోజు పడిన భయం ఒకెత్తు.

మర్నాడు మా అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి, మొహానికి మాస్కు కట్టుకుని, ఊరి రెండో కొసన ఉన్న ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎదురుచూసే గదిలో కుర్చీలో ఒదిగి కూర్చుంటే నేనేదో దొంగతనానికి వచ్చినట్టనిపించింది. లోపల డాక్టరమ్మ నా నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"దేంతో తోముకుంటారండీ?"

"బ్రష్షుతోనే."

"బ్రష్షు ఇలా అరగదీయదండీ" అని అద్దం తీసేసి నా మొహంలోకి చూసింది. "మిమ్మల్నెక్కడో చూశాను."

"నాది అందరిలాంటి మొహమేనండీ."

"మొహం కాదు, పళ్ళు చూశాను." ఆవిడ నా పళ్ళకేసి మళ్ళీ చూసి, "సబ్బుల పక్కన" అంది.

ఇక దాచేదేముంది? ఏడుపొచ్చేసింది. మెట్ల సంగతి, మామగారి సంగతి, పిచ్చుక సంగతి అన్నీ చెప్పేశాను. మొదట్లో ఆవిడ పెదవులు నవ్వాపుకుంటున్నట్టు వణికాయి. పిచ్చుక మాట వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

"చూడండి, పంటికీ చిగురుకీ మధ్య రోజూ పాచి చేరుతుంది. మెత్తగా ఉన్నప్పుడు మెత్తగా తీసేస్తే పోతుంది. వదిలేస్తే గార కట్టి రాయిలా అంటుకుంటుంది. అప్పుడది మీ వేలికీ రాదు, బ్రష్షుకీ రాదు, నేను తీయాలి. రక్తమొస్తోందని మీరు వదిలేసిన వైపే గార ఎక్కువ ఉంది. చిగురు నుంచి రక్తమొస్తే అక్కడ శుభ్రం చాలలేదని అర్థం. మానేయకూడదు, అలాగని చెక్కేయకూడదు. గట్టిగా రుద్దిన వైపు చూడండి, చిగురే పారిపోయింది."

"ఊగే పన్ను నిలుస్తుందా అండీ?"

"గార తీశాక, నేను చెప్పినట్టు మీరు చేస్తే బిగుసుకోవచ్చు. కానీ ఆ పొడి ఇవాళ్టితో ఆఖరు."

"మానలేనండీ."

"మరైతే నిలవదు" అంది ఆవిడ, కోపం లేకుండానే. "మీ సంగతలా ఉంచండి. పాపకి కొత్త పళ్ళన్నారు. వాటి పైపొర ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. గోరు అరిగితే మళ్ళీ పెరుగుతుంది, జుట్టు కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది. ఆ పొర ఒకసారి అరిగిందంటే బతికినన్నాళ్ళూ రాదు. పాపని మాత్రం ఆ మెట్టెక్కించకండి."

గార తీస్తుంటే నోరంతా రక్తం. ఆ తర్వాత ఆవిడ ఒక పళ్ళ నమూనా పట్టుకుని, మెత్తటి బ్రష్షుని చిగురు అంచున కాస్త ఏటవాలుగా ఆనించి, సున్నాలు చుట్టినట్టు చిన్నచిన్నగా తిప్పి చూపించింది. పొద్దునా, పడుకోబోయే ముందూ తోముకోవాలట. పళ్ళ సందుల్లో దారం పెట్టి లాగాలట. పిల్లకి బఠాణీ గింజంత పేస్టు చాలునట. ఇంత చిన్న పని. చప్పుడు లేదు, మంట లేదు, వీధి లేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే నొప్పెట్టింది.

వచ్చాక మావారితో అన్నాను, పిచ్చుకని మెట్టెక్కించొద్దని.

"నాన్నకి చెప్పేదెవరు?"

"మీరు."

"నేనా?" ఆయన లవంగం నమలడం ఆపి నోరు తెరిచి వేలితో చూపించారు. వెనక దవడ పన్ను సగం లేదు, మిగతా సగం నల్లగా ఉంది. "ఇది చెప్పలేకే ఇన్నాళ్ళుగా ఒక పక్కనే నములుతున్నా. ఇంకేం చెప్పను? అందరి తిండీ దీని మీదే. ఈ మాట బయటికెళ్తే వీధిన పడతాం."

మామగారికే చెబుదామని ఒక సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని కొట్టులోకి వెళ్ళాను. ఆయన కొత్త పాకెట్టు బొమ్మ చేతిలో పట్టుకుని ఉన్నారు. నా బొమ్మ పక్కన పిచ్చుక బొమ్మ.

"మా అమ్మ, మీ అత్త, నువ్వు, ఇప్పుడిది. చూడమ్మా, ఈ కొట్టుకి ఆడపిల్లలే కళ" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "బాగుందండీ మామయ్యగారూ" అని లోపలికొచ్చేశాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ఇక మిగిలింది నటన. బ్రష్షు బియ్యం డబ్బాలో దాచుకుని, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని తోముకునేదాన్ని. మెట్టు మీద పొడిని బుగ్గలో ఒక పక్కకి తోసి, చెయ్యి నోటికి అడ్డంగా పెట్టుకుని, చప్పుడు కోసం మాత్రం బొటనవేలి గోటి మీద రుద్దేదాన్ని. బుగ్గలో పొడి పెట్టుకుని కక్కలేక మింగలేక నిలబడి, వీధికేసి నవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు. చిగురు మాత్రం మెల్లమెల్లగా గులాబీ రంగుకి తిరిగింది. పన్ను ఊగడం కాస్త తగ్గింది.

ఒక మధ్యాహ్నం వెనక గదిలో పాకెట్లు అంటిస్తున్నాను. అత్తగారు వచ్చి తలుపు దగ్గరికేశారు. ఆవిడ చేతిలో నా బ్రష్షుంది. చచ్చాననుకున్నాను.

ఆవిడ దాన్ని నా ఒళ్ళో పెట్టి, "గోటి మీద రుద్దకమ్మాయ్. చప్పుడు పలచగా వస్తోంది. ఇలా ఉంగరం మీద రుద్దు" అని, తన వేలి ఉంగరం నోటి దగ్గర పెట్టుకుని, దాని మీద బొటనవేలి గోరు ఆడించి చూపించారు. గరగర, అచ్చం మెట్టు మీద వినబడే చప్పుడే.

"అత్తయ్యా, మీరూనా?"

ఆవిడ జవాబుకి బదులు నోట్లోకి రెండు వేళ్ళు పోనిచ్చి, పై వరస తీశారు. కింది వరస తీశారు. రెండూ కొంగులో పెట్టుకున్నారు. ఆ క్షణంలో ఆవిడ ఎవరో ముసలావిడలా, బుగ్గలు లోపలికి పోయి, నాకు పరిచయం లేని మనిషిలా కనిపించారు.

"నీ వయసులోనే ఊడడం మొదలైంది" అన్నారు. పళ్ళు లేకపోవడంతో మాటలు గాలిలో తేలుతున్నట్టు వచ్చాయి. "పుట్టింటికని వెళ్ళి కట్టించుకొచ్చేదాన్ని. ఒక్కొక్కటీ, ఒక్కొక్కటీ."

"మామయ్యగారికి తెలియదా?"

"నా మొహంలోకి చూస్తే కదా తెలిసేది? ఆయన కళ్ళెప్పుడూ వీధి మీదే." ఆవిడ మళ్ళీ పళ్ళు పెట్టేసుకున్నారు. పెట్టుకున్నాక మళ్ళీ మా అత్తగారయ్యారు. "నేనీ ఇంటికొచ్చినప్పుడు పొడి తెల్లగా ఉండేది, తెలుసా? ఒకరోజు మెట్టు మీద ఉమ్మితే, ఎదురుగా నిలబడ్డావిడ మొహం చిట్లించింది. తెల్ల ఉమ్ములో రక్తం దాగుతుందా? ఆ మధ్యాహ్నమే కావిరాయి నూరి కలిపేశాను. ఎరుపైతే కంటికి ఇంపుగా ఉంటుందని మీ మామగారితో అన్నాను. నిజంగానే బాగా అమ్ముడైంది. ఆయన ఇప్పటికీ అందరితో చెబుతారు, రంగు ఆలోచన మా ఆవిడదేనని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ అమ్మలా చూసుకున్న మనిషి మీద అంత కోపం వస్తుందని అనుకోలేదు.

"మీరా రంగు కలపకపోతే నాకు మొదటి రోజే తెలిసేది కదా అత్తయ్యా!"

"తెలిసి ఏం చేసేదానివి?"

ఆవిడ నా పక్కన కూర్చుని పాకెట్టు ఒకటి తీసుకుని అంటించడం మొదలుపెట్టారు.

"పిచ్చుక గురించి దిగులు పెట్టుకోకు. లోపల నువ్వు బ్రష్షుతో తోమించు. మెట్టు మీద ఏం చెయ్యాలో దానికి నేను నేర్పుతా. బుగ్గలో పెట్టుకోవడం, ఉంగరం మీద రుద్దడం. చిన్నపిల్ల, తొందరగా పట్టేస్తుంది. దాని పళ్ళూ నిలుస్తాయి, కొట్టూ నిలుస్తుంది."

ఆవిడ ప్రేమతోనే అన్నారు. అందుకే నాకు ఊపిరాడలేదు. అత్తగారి తర్వాత నేను, నా తర్వాత అది, ముగ్గురం ఆ మెట్ల మీద బుగ్గల్లో పొడి పెట్టుకుని వీధికేసి నవ్వడం కళ్ళ ముందు కనిపించింది. వద్దందామనుకున్నాను. వద్దంటే మరేం చేయాలో తెలియదు. సరేనన్నాను.

పిచ్చుక నిజంగానే ఇట్టే పట్టేసింది. దానికదొక ఆట. నాయనమ్మ దాని వేలికి ఒక సన్న ఉంగరం తొడిగితే, అద్దం ముందు నిలబడి మా ఇద్దరికన్నా బాగా గరగరలాడించింది. తర్వాత లోపలికొచ్చి నా దగ్గర బ్రష్షుతో సున్నాలు చుట్టేది. ఒకరోజు నోటినిండా నురగతో అడిగింది.

"తాతయ్యకి ఎందుకు చెప్పకూడదే అమ్మా?"

"ఇది మన ముగ్గురి ఆట కదా."

"తాతయ్యని ఎందుకు ఆడించుకోం?"

"నోరు కడుక్కో ముందు" అన్నాను.

కొట్టు పెట్టిన రోజు రానే వచ్చింది. మామగారు తెల్లవారకముందే లేచి మెట్లు కడిగించారు. రంగు కాగితాల తోరణం కట్టారు. పిచ్చుక కొత్త గౌను వేసుకుని కింది మెట్టు మీద నా పక్కన నిలబడింది. వీధిలో జనం బాగానే చేరారు. గడియారాలాయన స్టూలు బయటికి తెచ్చుకుని కూర్చున్నాడు. ఆయన మనవరాలు, రెండు జడలకీ పెద్ద రిబ్బన్లు కట్టుకున్న పిల్ల, పిచ్చుకకి స్నేహితురాలు. అదీ వచ్చింది.

మామగారు షట్టరెత్తారు. అందరం పొడి తీసుకున్నాం. పిచ్చుక బుగ్గలోకి పొడి తోసుకుని, ఉంగరం మీద రుద్దింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు మామగారు లోపలి నుంచి పళ్ళెంనిండా పొడి తెచ్చారు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు.

"పిల్లలందరూ రండి! మా పిచ్చుకతో పాటు ఇవాళ మీరూ తోముకోండి. ఎవరు బాగా చప్పుడు చేస్తారో చూద్దాం!"

పిల్లలు గోలగోలగా మెట్ల మీదికి ఎగబడ్డారు. అరచేతులు చాచారు. మామగారు వంగి ఒక్కొక్కరికీ చిటికెడు పెట్టారు. వాళ్ళకి మా ఆట తెలియదు కదా. నిజంగానే, ఉన్న బలమంతా పెట్టి రుద్దడం మొదలుపెట్టారు. రిబ్బన్ల పిల్లకి కూడా కొత్త పళ్ళే. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా అందరికన్నా గట్టిగా రుద్దుతోంది.

"మండుతోంది తాతా" అంది అది.

"మండితేనే పని చేస్తున్నట్టు! రుద్దు, రుద్దు!" అన్నారు మామగారు ఉత్సాహంగా.

ఆపమని అరవాలనిపించింది. నా నోరు నిండుగా ఉంది. మాట్లాడాలంటే ఉమ్మాలి, ఉమ్మితే రుద్దని పొడి ముద్దగా పడుతుంది. వెనక్కి తిరిగి అత్తగారికేసి చూశాను. ఆవిడ వీధికేసి చూస్తూ ఉంగరం మీద రుద్దుతూనే ఉన్నారు. మావారు తల దించుకున్నారు.

"అలా కాదే!"

పిచ్చుక గొంతు. అది స్నేహితురాలి చెయ్యి పట్టుకుని లాగింది.

"నిజంగా రుద్దితే మండుతుందే పిచ్చి మొహమా! ఇదిగో, ఇలా బుగ్గలో పెట్టుకోవాలి." వేలితో బుగ్గ పక్కకి లాగి లోపలున్న పొడి ముద్ద చూపించింది. "చప్పుడు కోసం ఉంగరం మీద రుద్దాలి. ఉంగరం లేకపోతే గోటి మీద రుద్దు, పరవాలేదు. మా అమ్మ అంతే చేస్తుంది. నాయనమ్మా అంతే."

పిల్లలు రుద్దడం ఆపేశారు. ముందుగా గడియారాలాయన నవ్వాడు. ఆ వెంటనే అత్తగారు నవ్వారు, ఆ అందమైన పళ్ళన్నీ కనిపించేలా.

"చిన్నపిల్ల, ఏదో ఆటకి అంటోంది" అన్నారు.

మామగారూ నవ్వి, పిచ్చుక తల నిమిరారు. "అబద్ధాలు చెప్పకూడదు తల్లీ. అందరూ వింటున్నారు కదా."

పిచ్చుక మొహం ముడుచుకుపోయింది. తాతయ్యని చూసింది, నాయనమ్మని చూసింది. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"నేను అబద్ధం చెప్పలేదు. అమ్మా, నువ్వు చెప్పు. చెప్పలేదు కదా?"

వీధి మొత్తం నాకేసి తిరిగింది. ఒక్క నవ్వు నవ్వి ఊరుకుంటే చాలు, కొట్టు నిలుస్తుంది, అందరి తిండీ నిలుస్తుంది. నా కూతురు మాత్రం అబద్ధాలకోరైపోతుంది, నిజం చెప్పినందుకు. దాని చెయ్యి నా కుచ్చిళ్ళని గట్టిగా లాగుతోంది. నేను వంగి కాలువలోకి ఉమ్మాను. పొడి ముద్ద ముద్దలాగే పడింది.

"నిజమేనండీ మామయ్యగారూ. పిల్ల అబద్ధం చెప్పలేదు. నా పన్ను ఊగుతోంది. ఈ పొడితో తోమే ఊగింది. పిల్లల చేత ఉమ్మించేయండి."

ఆయన నాకేసి అలాగే చూశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. పళ్ళెం కింద పెట్టి, రిబ్బన్ల పిల్ల ముందు కూర్చుని, దాని గడ్డం కింద చెయ్యి పట్టారు. "ఉమ్మేయ్ తల్లీ" అన్నారు. అది ఆయన అరచేతిలోనే ఉమ్మేసింది. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. ఎంత చూసినా అది ఎరుపే. తలెత్తి అత్తగారికేసి తిరిగారు.

"నువ్వు కూడానా?"

అత్తగారి నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీయడం మరిచిపోయినట్టు.

"నావి పోయి చాలా ఏళ్ళైందండీ" అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ ఉంగరం ఒకసారి అటూ ఇటూ తిప్పుకున్నారు. "మీరు ఈ పొడిని నమ్మినట్టు నన్ను నమ్ముతారని నాకెప్పుడూ అనిపించలేదండీ" అన్నారు. గొంతు పెంచలేదు. అయినా వీధి అవతలున్న గడియారాలాయనకి కూడా వినబడింది.

జనం ఒక్కొక్కరే కదలడం మొదలుపెట్టారు. ఇక మా కొట్టు సంగతేమిటో, రేపేం తింటామో నాకు తెలియదు. భయంగానే ఉంది. పిచ్చుకనీ, దాని స్నేహితురాలినీ చెరో చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పుక్కిలించమని మంచినీళ్ళిచ్చాను. వెనకే మిగతా పిల్లలూ వచ్చారు. ఒక్కొక్కరికీ గ్లాసు ముంచి ఇస్తూ పోయాను. అందరూ అయిపోయారనుకుని గ్లాసు పెట్టేయబోతుంటే ఇంకో చెయ్యి ముందుకొచ్చింది. చూస్తే మామగారు. చెయ్యి కడుక్కోవడానికో, నోరు పుక్కిలించడానికో నేనడగలేదు. గ్లాసు నింపి ఇచ్చాను.